లుటినో ఆడకి ఏ మగ? పర్లాకిమిడిలో ఒక కాకటీల్ సీజన్ డైరీ

ఆగస్టు చివరి వారం

మేడ మీద గదిలో ఇప్పుడున్నవి మూడు కాకటీల్స్, తల మీద కుచ్చుండే చిన్న చిలకలు. ఒక లుటినో (తెలుపు, పసుపు) ఆడ, ఒక గ్రే (మామూలు బూడిద రంగు) మగ, ఒక పైడ్ (మచ్చలది) ఆడ. లుటినోనీ గ్రేనీ నిరుడు ఒకే పంజరంలో, ‘బ్రీడింగ్ పెయిర్’ పేరుతో కొన్నాను. పైడ్ ఆడది శ్రీకాకుళం. అక్కడ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దాన్ని నాకు అప్పజెప్పింది.

పెయిర్ గురించి అమ్మినతను చెప్పిన మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి ఉంది: “ఒకే గూటి పిల్లలండీ. పుట్టినప్పటి నుంచి కలిసే ఉన్నాయి, కొట్టుకోవు.” ఆయన దాన్ని గొప్పగానే చెప్పాడు. కొనేవాళ్ళూ అలాగే వింటారు. ఒక మగ, ఒక ఆడ, పక్కపక్కన కూర్చుంటే చాలు, అది పెయిర్ అయిపోయినట్టే. తోబుట్టువులు కొట్టుకోకపోవడం నిజమే. కానీ వాటికి పుట్టే పిల్లల్లో ఏ జన్యువు తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. తాతల్లో అణిగి ఉన్న లోపం బయటపడటానికి అంతకంటే మంచి దారి ఉండదు. మన దేశంలో దొరికే కాకటీల్స్ అన్నీ పంజరాల్లో తరాల తరబడి పెరిగినవే. వాటి సొంత ఊరు ఆస్ట్రేలియా నుంచి కొత్త రక్తం వచ్చి కలిసేది లేదు. ఉన్న కొద్దిపాటి రకాన్నీ మనమే జాగ్రత్తగా వాడుకోవాలి.

లుటినో ఆడ తల మీది కుచ్చు వెనక్కి వంచి చూస్తే వేలిగోరంత బట్టతల. లుటినోల్లో ఇది బాగా తెలిసిన లోపమే. రంగు కోసం లుటినోని లుటినోతోనే కలుపుతూ పోవడం వల్ల వంశాల్లో పాతుకుపోయింది. దీని తమ్ముడికి తల నిండా ఈకలున్నాయి, కానీ అంతటితో అతను కడిగిన ముత్యం అయిపోడు.

ఎందుకంటే లెక్క ఇది. పక్షుల్లో మగకి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. లుటినో గుణం జెడ్ మీద ఉంటుంది, పైగా అణిగి ఉండే రకం. ఆడకి జెడ్ ఒక్కటే కాబట్టి దాని మీద లుటినో ఉంటే పిల్ల లుటినోయే, దాచుకోవడానికి చోటు లేదు. మగ మాత్రం ఒక జెడ్ మీద లుటినో పెట్టుకుని పైకి గ్రేగా తిరగొచ్చు. అలాంటివాడినే స్ప్లిట్ అంటాం. వీటి తల్లి లుటినో అని అమ్మినతనే చెప్పాడు. అంటే ఈ గ్రే మగ స్ప్లిట్ అనడంలో అనుమానం లేదు, ఒక జెడ్ తల్లి నుంచే వచ్చింది కదా. ఇక లుటినో ఆడకి ఉన్న ఒక్క జెడ్ తండ్రిది. కాబట్టి పైకి గ్రేగా కనిపించిన ఆ తండ్రి కూడా స్ప్లిట్టే. తల్లి వైపూ తండ్రి వైపూ లుటినోయే అన్నమాట. ఆ తల్లిదండ్రులు కూడా ఒకే గూటివేమో అని నాకు గట్టి అనుమానం.

ఈ రెండింటినీ ఈ రోజు వేరు చేశాను. పంజరాలు వేర్వేరు గదుల్లో. సాయంత్రం దాకా ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉన్నాయి.

మా ఆవిడ కిందనుంచి కాగితాల కట్ట చూసి, “ఏటీ, చిలకలకి గోత్రాలు కూడా చూస్తన్నావా?” అంది. చూడాల్సింది అదే.

సెప్టెంబరు రెండో వారం

కొత్త మగ వచ్చాడు. బ్రహ్మపురంలో చాలా కాలంగా పెంచుతున్న ఒక పెద్దాయన దగ్గర నుంచి. గ్రే. రంగు చూసి కాదు, ఆయన పుస్తకం చూసి తీసుకున్నాను. ప్రతి పిల్లకీ కాలి రింగు నంబరు, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, ఎవరికి ఇచ్చారు, అన్నీ ఒడియాలో చక్కటి చేతిరాతతో ఉన్నాయి. ఇతని తల్లిదండ్రులిద్దరూ గ్రే, ఆ పైతరంలో కూడా లుటినో లేదు. కుచ్చు వెనక దట్టంగా ఈకలు. వయసు రెండేళ్ళ పైనే. వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే 94 గ్రాములు. పెద్ద కాకటీల్‌కి 80 నుంచి 100 దాకా మామూలే.

మేడ మీదికి తీసుకెళ్ళలేదు. కింద షాపు వెనక గదిలో, మోటార్ వైండింగ్ సామాను అటు జరిపి, నెల రోజులు అక్కడే ఉంచుతాను. క్వారంటైన్ అనగానే చాలామంది అదే గదిలో ఆ మూలకి పంజరం జరిపి చేశామంటారు. ఈకల దుమ్ము, ఎండిన రెట్ట గాలిలో కలిసి పోతాయి. గది వేరు, గాలి వేరు, గిన్నెలు వేరు ఉంటేనే దానికి అర్థం. పొద్దున్న ముందు మేడ మీది పక్షుల పని, ఆ తర్వాతే కిందివాడి పని. వెనక్కి తిరిగి మేడెక్కాలంటే చొక్కా మార్చి చేతులు కడుక్కోవాల్సిందే.

రెండు జబ్బుల గురించే నా టెన్షన్ అంతా. ఒకటి ముక్కూ ఈకలూ పాడుచేసే సర్కోవైరస్. దానికి మందు లేదు. రెండోది ఒక రకం క్లమైడియా బ్యాక్టీరియా వల్ల వచ్చే సిటకోసిస్. అది మనిషికీ వస్తుంది, జ్వరం, పొడి దగ్గు, కొందరిలో న్యుమోనియా. అందుకే పంజరం అడుగు ఎప్పుడూ పొడిగా ఊడవను, నీళ్ళు చిలకరించి కాగితం చుట్టి తీసేస్తాను. ఈకలూ, రెట్ట స్వాబూ పీసీఆర్‌కి కొరియర్ చేశాను. పురుగుల కోసం రెట్ట స్లైడు ఊళ్ళోనే చూపించాను. ఇక్కడి పశువుల డాక్టర్లకి ఆవులూ మేకలే ఎక్కువ వచ్చినా, మైక్రోస్కోపు కింద పురుగు గుడ్డు ఎవరికైనా ఒకేలా కనిపిస్తుంది.

అక్టోబరు

పీసీఆర్ రిపోర్టులు రెండూ నెగటివ్.

గూడు పెట్టె మాత్రం ఇప్పుడే కట్టను. ఈ నెల మన జిల్లాలో నమ్మదగింది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లా ఎలా అయిందో ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. గుడ్ల మీద పక్షి ఉన్నప్పుడు రేకులు ఎగిరిపోతే చేసేదేమీ ఉండదు. తుపాను రాకపోయినా దీపావళి ఎలాగూ వస్తుంది. చీకట్లో ఒక్కసారి చప్పుడైతే కాకటీల్స్ పంజరంలో గుడ్డిగా ఎగిరి రెక్కలు విరగ్గొట్టుకుంటాయి, లుటినోలు మరీ ఎక్కువ. గదిలో చిన్న బ్యాటరీ దీపం రాత్రంతా వెలిగేలా పెట్టాను. కరెంటు పోయినా ఆరదు.

ఈలోగా పరిచయాలు. కొత్త మగాడి పంజరం లుటినో ఆడ పంజరం పక్కన, మధ్యలో జానెడు ఖాళీతో. మొదటి రోజుల్లో ఆడ వీపు చూపించి కూర్చుంది. అతను మాత్రం రెక్కలు భుజాల దగ్గర కొంచెం ఎత్తి, కమ్మీల వెంట అటూ ఇటూ నడుస్తూ, ముక్కుతో కర్రని టకటకా కొట్టి ఈల వేస్తాడు. వారం గడిచాక ఆడ కమ్మీ దగ్గరికి వచ్చి తల వంచింది. కాకటీల్ తల వంచి మెడ ఈకలు ఉబ్బించిందంటే దువ్వమని అడుగుతున్నట్టు. అతను కమ్మీల్లోంచి ముక్కు పెట్టి దువ్వాడు. ఆ తర్వాతే ఇద్దరినీ పెద్ద పంజరంలోకి వదిలాను. తిండి గిన్నెలు రెండు, నీళ్ళు రెండు చోట్ల. ఒకరు తింటుంటే ఇంకొకరు తరమడం లేదు. ఒకే కర్ర మీద పక్కపక్కన నిద్ర.

రెండో జత కాగితం మీద ఇంకా బాగుంది. స్ప్లిట్ గ్రే మగ, శ్రీకాకుళం పైడ్ ఆడ. చుట్టరికం ఏ కోశానా లేదు. పిల్లల్లో మగవన్నీ గ్రే, ఆడపిల్లల్లో సగం లుటినోలు. ఈ జతలో లుటినో రంగుతో పుట్టినదల్లా ఆడే, డీఎన్ఏ పరీక్ష ఖర్చు కూడా మిగులుతుంది. కానీ పైడ్ ఆడకి ఈ లెక్క ఎవరు చెప్పాలి? అతను దగ్గరికి రాగానే నోరు తెరిచి బుస్సుమంటుంది. కర్ర మీద నుంచి తోసేస్తుంది. పక్క పంజరంలో ఉన్నప్పుడూ అంతే, పెద్ద పంజరంలోనూ అంతే. కొందరు ఇలాంటి వాటిని చీకటి గదిలో కలిపి పెడితే అలవాటవుతాయంటారు. అలా అలవాటైన జతలే తర్వాత గుడ్లు పగలగొట్టేది, పిల్లల్ని పొడిచేది. ఇష్టం లేని జతకి ఈ ఏడాది పెట్టె లేదు. ఇద్దరినీ మళ్ళీ వేరు చేశాను.

మా బావ విని నిట్టూర్చాడు. “ఉన్న రెండు జతల్లో లుటినో వచ్చేది అదొక్కటే కదా. దాన్నే ఒగ్గేసినావా?”

అవును. లుటినో ఆడకీ, లుటినో లేని గ్రే మగకీ పుట్టే పిల్లలు ఒక్కటి కూడా లుటినో రాదు. మగ పిల్లలు గ్రే స్ప్లిట్లు, ఆడ పిల్లలు పూర్తి గ్రే. అంగట్లో గ్రేకి లుటినో ధర పలకదు. కానీ ఆ బట్టతల వంశానికి ఇప్పుడు కావాల్సింది గ్రే నెత్తురే.

నవంబరు మూడో వారం

కార్తీక పౌర్ణమి వెళ్ళింది, వానలు తగ్గాయి. పెట్టెకి ముందు ఇంకో పని. పిల్లలు వస్తే ఎవరింటికి వెళ్తాయో తేల్చడం. అడిగినవాళ్ళ పేర్లన్నీ రాసి, ఒక్కొక్కరితో మాట్లాడాను. ఇంట్లో పిల్లి ఉందా, పగలు ఎవరుంటారు, నాన్‌స్టిక్ పెనం వాడతారా, మస్కిటో కాయిల్ వెలిగిస్తారా. నాన్‌స్టిక్ పూత మితిమీరి వేడెక్కితే వచ్చే పొగ పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది, మనకి వాసన కూడా తెలీదు. ఇంకో ప్రశ్న, ఇది పదిహేను ఇరవై ఏళ్ళు బతికే ప్రాణి అని తెలుసా. ఎనిమిదో తరగతి పిల్లాడి పుట్టినరోజుకి కొనిస్తే, వాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోయాక కూడా అది ఇంట్లోనే ఉంటుంది. ఇదంతా అయ్యాక జాబితాలో అయిదు పేర్లే మిగిలాయి. అయిదింటికి మించి పిల్లలొస్తే నా దగ్గరే ఉంచుకోవాలి. అందుకు పంజరం సిద్ధం.

పెట్టె బావ చేశాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, మూడంగుళాల గుండ్రటి కన్నం, పక్కన తెరిచి చూడటానికి తలుపు. పాత చెక్కే, రంగు లేదు, వార్నిష్ లేదు, ప్లైవుడ్ జిగురు వాసన లేదు. అడుగున రెండు మూడంగుళాల మందాన చిత్రిక పొట్టు. రంపపు పొట్టు వద్దని గట్టిగా చెప్పాను, ఆ మెత్తటి దుమ్ము పిల్లల ముక్కుల్లోకి పోతుంది. పంజరం స్టాండు కాళ్ళు నాలుగూ నీళ్ళు పోసిన గిన్నెల్లో. ఈ ఊళ్ళో కోడిపిల్లలు పెంచినవాళ్ళెవరినైనా అడగండి, ఎర్ర చీమలు గుడ్డు చిట్లిన వాసనకే వరస కడతాయి. అప్పుడే పొదిగిన పిల్ల వాటి నుంచి తప్పించుకోలేదు.

తిండి గురించి రాస్తే ఒక పుస్తకం అవుతుంది. ఇక్కడ మనకి అదృష్టం ఏమిటంటే గింజలు బయట వెతకనక్కర్లేదు. చోళ్ళు, గంటెలు, కొర్రలు, సామలు, కొండ మీద ఊళ్ళ నుంచి సంతకి అన్నీ వస్తాయి. పొద్దుతిరుగుడు గింజలు చిటికెడే, కొవ్వు ఎక్కువ. లావెక్కిన ఆడకి గుడ్డు అడ్డం పడుతుంది. మునగాకు, కొత్తిమీర, తోటకూర రోజూ. నెల రోజులుగా వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు పెంకుతో సహా నలిపి పెడుతున్నాను. సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) గోపాలపూర్ ఒడ్డున ఏరుకొచ్చింది, ఉప్పు పోయేలా కొన్నాళ్ళు మంచినీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఎండబెట్టి కమ్మీకి కట్టాను. ఎంత కాల్షియం పెట్టినా డీ విటమిన్ లేకపోతే ఒంటికి పట్టదు కాబట్టి పొద్దుటి ఎండ పంజరం మీద పడేలా జరిపాను.

పెట్టె కట్టిన మర్నాడే మగవాడు లోపలికి తల పెట్టి చూశాడు. ఆడ పొట్టు సగం బయటికి తన్నేసింది.

డిసెంబరు

3వ తేదీ మొదటి గుడ్డు. ఆ ముందు రెండు రోజులు ఆడ రెట్ట బాగా పెద్దదై నీళ్ళగా ఉంది, పొట్ట కింద ఉబ్బు. ఇది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, తోక ఎగరేస్తూ ముక్కడం. అలా అయితే గుడ్డు అడ్డం పడినట్టు. గంటల్లో ప్రాణం పోతుంది. ఒక అట్టపెట్టెకి 40 వాట్ల బల్బు బిగించి, విశాఖ డాక్టరు నంబరు తలుపు మీద అంటించి పెట్టాను. వాడే అవసరం రాలేదు.

రోజు విడిచి రోజు ఒక్కోటి, 11వ తేదీకి అయిదు గుడ్లు. మూడోది పెట్టాక గానీ గట్టిగా పొదగడానికి కూర్చోలేదు. పగలు మగవాడి డ్యూటీ, సాయంత్రం చీకటి పడే ముందు ఆడ లోపలికి వెళ్తుంది. మారేటప్పుడు గుమ్మం దగ్గర చిన్న గొంతుతో ఏదో అనుకుంటారు.

మధ్యాహ్నం మగవాడు తిండికి బయటికొచ్చినప్పుడు టార్చి పెట్టి గుడ్లు చూశాను. సెల్‌ఫోన్ లైటు మీద బొటనవేలు, చూపుడువేలు వలయంలా చుట్టి దాని మీద గుడ్డు నిలబెడితే చాలు. నాలుగింట్లో ఎర్రటి నరాలు సాలీడు కాళ్ళలా పాకి ఉన్నాయి, మధ్యలో చుక్క కొట్టుకుంటోంది. ఒకటి పసుపుగా వట్టిది. అదీ తీయలేదు, మిగతావాటికి ఆనుకుని వేడి నిలుపుతుంది.

క్రిస్మస్ మర్నాడు మొదటి పిల్ల. ఆ తర్వాత ఇంకో రెండు. నాలుగో గుడ్డులో పిల్ల పెంకుకి గీత పెట్టి ఆగిపోయింది. 48 గంటలు చూశాను. కదలిక లేదు.

జనవరి

మూడు పిల్లలు. పసుపు నూగు, కళ్ళు మూసే ఉన్నాయి, కానీ రెప్పల వెనక నల్లగా కనిపిస్తున్నాయి. లుటినో పిల్లకైతే ఆ వయసులోనే ఎర్రగా కనిపిస్తాయి. లెక్క తప్పలేదు, మూడూ గ్రేలే.

రోజుకి రెండుసార్లు పెట్టె తెరిచి చూసేది ఒక్కటే, మెడ కింది మేత సంచి నిండి ఉందా అని. ఇద్దరూ బాగా మేపుతున్నారు. కాబట్టి నేను సిరంజి పట్టుకోను. కళ్ళు తెరవక ముందే పిల్లల్ని లాగేసి చేత్తో పెంచితే మచ్చికగా ఉంటాయని, ధర ఎక్కువ పలుకుతుందని చెప్తారు. ఫార్ములా కొంచెం వేడి ఎక్కువైతే మేత సంచి కాలుతుంది, చల్లారితే జీర్ణం కాదు, ఒక్క చుక్క గొంతులో పక్కదారి పడితే ఊపిరితిత్తుల్లోకి. పైగా అలా పెరిగిన మగవి కొన్ని మనిషినే జతగా అనుకుంటాయి. మచ్చిక కావాలంటే మూడో వారం నుంచి రోజుకి పది నిమిషాలు చేతిలోకి తీసుకుంటే సరిపోతుంది, మేపే పని తల్లిదండ్రులదే.

తొమ్మిదో రోజు రింగులు. పిల్లని గుడ్డ మీద బోర్లా పెట్టి, మూడు పొడవు వేళ్ళు ముందుకి కలిపి పట్టుకుని, కొద్దిగా వాజలీన్ రాసి రింగు వాటి మీదుగా మడమ దాకా తోశాను. పొట్టి వెనక వేలు ఇంకా రింగు కింద కాలికి ఆనుకుని ఉంటుంది. పుల్ల మొన నూరి మొండి చేసి, దాని గోరు కింద పెట్టి మెల్లిగా ఇవతలికి లాగాలి. ఆ వేలు బయటపడిన క్షణంలో పిల్ల చీమలాగ గింజుకుంటుంది. ఇంకో రెండు రోజులు ఆగితే పాదం పెరిగి రింగు ఎక్కదు, తొందరపడితే జారిపోతుంది. ఈ రింగు ఒకసారి పడ్డాక కత్తిరిస్తే తప్ప తీయలేరు కాబట్టి, దీనికి పుట్టిన తేదీ, తల్లీ తండ్రీ ముద్ర వేసినట్టే.

రెండో పిల్లకి రింగు వేస్తున్నప్పుడు కాళ్ళు చూశాను. రెండూ పక్కలకి జారి కప్ప కాళ్ళలా ఉన్నాయి. ఆడ పొట్టు బయటికి తన్నేస్తూ ఉండటం వల్ల ఒక మూల చెక్క నున్నగా బయటపడింది. అడుగు జారితే పట్టు దొరక్క తొడలు విడిపోతాయి. ఎముక ఇంకా లేతగా ఉంది కాబట్టి వీలుంది. మెత్తటి మెడికల్ టేపు ఎనిమిది అంకెలా రెండు కాళ్ళకీ వదులుగా చుట్టి, మధ్యలో తుంటి వెడల్పంత ఎడం ఉంచాను. పెట్టెలో కొత్త పొట్టు రెండింతలు పోసి, గుమ్మం కింద అంగుళంన్నర చెక్క అడ్డం కొట్టాను, ఇక తన్నినా బయటికి పోదు. టేపు రోజూ విప్పి, చర్మం చూసి, మళ్ళీ చుట్టడం. వారం తిరిగేసరికి కాళ్ళు ఒంటి కిందికి వచ్చాయి. ఇప్పుడు మిగతా రెండింటితో పోట్లాడి మరీ ముందు నిలబడి తిండి తింటోంది.

భోగి నాడు వీధి మూల మంట. తెల్లవారుజామునే లేచి మేడ మీది కిటికీలన్నీ మూసి, తడి బట్ట కట్టాను. పిండివంటల నూనె పొగ ఎలాగూ కిందే.

ఫిబ్రవరి

పిల్లలు పెట్టె గుమ్మంలోకి వచ్చి బయటికి తొంగి చూస్తున్నాయి, పెద్దది దిగింది కూడా. బరువు నాలుగు అయిదు గ్రాములు తగ్గింది. ఎగరడం మొదలుపెట్టే ముందు అన్నీ కొంచెం తగ్గుతాయి, కంగారు పడక్కర్లేదు.

కంగారు వేరే చోట. మగవాడు మళ్ళీ పెట్టె దగ్గర ఈల మొదలుపెట్టాడు, పిల్లల తలల మీది కొత్త ఈకలు పీకుతున్నాడు. మళ్ళీ గుడ్లకి ఆరాటం. సీజన్ ఇంకా ఉంది, ఆడ ఆరోగ్యంగానే ఉంది, ఇంకో ఈతకి వదిలితే ఏమవుతుందని అడిగారు ఇద్దరు ముగ్గురు. నేను వదలను. అయిదు గుడ్ల పెంకులకి కాల్షియం అంతా దాని ఒంట్లోంచే పోయింది, నెలన్నర పిల్లల్ని మేపి ఆడ బరువు తగ్గింది. మళ్ళీ మొదలుపెడితే మార్చి, ఏప్రిల్ ఎండల్లో మేడ మీద పిల్లలు. పెట్టె తీసేశాను. మగవాడికి మధ్యలో జాలీ అడ్డం పెట్టాను, కమ్మీల్లోంచి మేపుతున్నాడు, కానీ పీకలేడు. సాయంత్రం గది దీపం తొందరగా ఆర్పి పగటి వెలుతురు తగ్గించాను. గుడ్డు మానేశాను, గింజలు మామూలుకి వచ్చాయి. పది రోజుల్లో ఈల తగ్గింది.

మార్చి

పిల్లలు సొంతంగా తింటున్నాయి. తల్లీతండ్రీ మేపడం పూర్తిగా మానేశాక కూడా ఇంకో వారం నా దగ్గరే ఉంచి, రోజూ బరువు రాసుకున్నాను. ఈ వారంలోనే చాలా పిల్లలు పోతాయి. గింజ ఒలవడం వచ్చింది కదా అని ఇచ్చేస్తారు, కొత్త ఇంట్లో బెంగతో తినడం మానేస్తే చూసేవాళ్ళుండరు.

ఈ వయసులో గ్రే పిల్లలన్నీ ఆడవాటిలాగే ఉంటాయి, తోక అడుగున చారలు, మొహం బూడిద రంగు. మగవాటి మొహం పసుపు తిరిగేది ఆరో నెల దాటి మొదటి ఈకలు రాలాకే. అందుకే ఛాతీ ఈకలు రెండు మూడు, వేరుతో సహా లాగినవి, డీఎన్ఏకి పంపాను. నేల మీద రాలినవి పనికిరావు. ఫలితం: రెండు మగ, ఒకటి ఆడ.

పాతపట్నం నుంచి జాబితాలో ఉన్న కుర్రాడు వచ్చాడు. రోడ్డు దాటితే ఆంధ్ర, పది నిమిషాల్లో బైకు మీద దిగిపోయాడు.

“అన్నా, ఒక మగ, ఒక ఆడ ఇచ్చెయ్యి. పెయిర్ అయిపోద్ది.”

“తోబుట్టువులు బాబూ. మగవి రెండూ తీసుకో. కలిసే పెరిగాయి, ఒకదానికొకటి తోడు.”

“రెండు మగలతో ఏటి చేస్తానన్నా? పిల్లలు రావు కదా.”

“రాకూడదనే ఇస్తన్నాను.”

నవ్వాడు గానీ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అరగంట కూర్చోబెట్టి వాటి తల్లి తల వెనక బట్టతల చూపించాను. తీసుకెళ్ళాడు. పంజరానికి కట్టిన కార్డు మీద రింగు నంబరు, పుట్టిన తేదీ, తల్లి లుటినో, తండ్రి గ్రే, ‘ఈ మగ లుటినో స్ప్లిట్’ అని తెలుగులోనూ ఒడియాలోనూ. రేపు ఎవరైనా దీనికి లుటినో ఆడని తెచ్చి కట్టాలనుకుంటే ముందు ఈ కార్డు చదువుతారు. ఆడపిల్ల గుణుపూర్‌లో ఒకావిడ ఇంటికి వెళ్ళింది, అక్కడ విశాఖ వంశం మగ ఒకటుంది. ఏడాదిన్నర నిండే దాకా దానికి పెట్టె చూపించనని ఆవిడ చేత ఒప్పించాను.

ఇదే వారం ఒకతను సంచిలో రామచిలుక పిల్లలు పట్టుకుని షాపుకొచ్చాడు, మహేంద్రగిరి వైపు తొర్రలోంచి తీసినవట. మీరు చిలకలు పెంచుతారు కదా, కొంటారా అని. ఈ నెలల్లో ఇది ప్రతి ఏడూ జరిగేదే. కాకటీల్, బడ్జీ, పీచ్‌ఫేస్ లవ్‌బర్డ్, రామచిలుక, ఈ నాలుగింటికీ సైటిస్ ఒప్పందం (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించేది) జాబితాలో చోటు లేదు. దాన్ని పట్టుకుని రామచిలుక కూడా పెంచుకోవచ్చనుకునేవాళ్ళున్నారు. కానీ మన 1972 వన్యప్రాణి చట్టంలో, 2022 సవరణ తర్వాత, రామచిలుక రెండో షెడ్యూల్లో ఉంది. ఇంట్లో పెట్టుకోవడమే నేరం, జత కట్టడం సంగతి దేవుడెరుగు. సన్ కన్యూర్ లాంటి సైటిస్ పక్షులున్నవాళ్ళు 2024 నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి, పిల్లలు పుట్టినా, చనిపోయినా చెప్పాలి. అతన్ని కూర్చోబెట్టి అటవీ శాఖకి ఫోన్ చేశాను. వాళ్ళొచ్చేలోపు అతను సంచి వదిలేసి వెళ్ళిపోయాడు, పిల్లల్ని వాళ్ళే తీసుకెళ్ళారు.

ఇప్పుడు మేడ మీద నాలుగు పక్షులు, గూడు పెట్టె ఒక్కటీ లేదు. లుటినో ఆడ బరువు డిసెంబరు ముందున్నంతకి వచ్చింది. స్ప్లిట్ మగవాడికి ఈ జన్మలో జత లేకపోయినా వాడి ఈలకేం తక్కువ లేదు. పైడ్ ఆడకి మాత్రం వచ్చే శీతాకాలానికి ఒక మగని చూడాలి. జయపురంలో ఒకాయన దగ్గర రెండేళ్ళ గ్రే ఉందని తెలిసి ఫోన్ చేశాను. రంగు బాగుంటుంది, పాట బాగా పాడుతుంది అని చెప్పుకుంటూ పోయాడు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడిగాను. పుస్తకం చూసి ఆదివారం చెప్తానన్నాడు.